లక్నో రాతి మీద ఉర్దూ అక్షరం: మున్షీ నవల్ కిషోర్ జీవితం

పాత ఉర్దూ పుస్తకాలు దాచుకున్న ఇళ్లలో ఒక పేరు తరచూ కనబడుతుంది. తాతల నాటి తఫ్సీర్, ఫార్సీ గులిస్తాన్, హకీముల వైద్య గ్రంథం, అట్ట ఊడిపోయిన దాస్తాన్, ఏది తీసి చూసినా మొదటి పేజీ అడుగున మత్బా మున్షీ నవల్ కిషోర్, లక్నో అని ఉండడం మామూలే. ఆ పుస్తకాలు చదివి అరబీ, ఫార్సీ, ఉర్దూ నేర్చుకున్న తరాలు ఎన్నో. వాటిని అచ్చు వేసిన మనిషి మాత్రం ముస్లిం కాదు. అలీగఢ్ ప్రాంతపు భార్గవ కుటుంబానికి చెందిన హిందువు. 22 ఏళ్ల వయసులో, చేతిలో పెద్ద పెట్టుబడి లేకుండా లక్నోలో ప్రెస్సు పెట్టాడు. కొన్నేళ్లకే హిందుస్తాన్‌లోని అతి పెద్ద ప్రచురణ సంస్థల్లో అది ఒకటైంది.

ముస్లిం పండితులు తమ గ్రంథాలను, చివరికి ఖుర్ఆన్ ముద్రణను కూడా ఒక హిందూ ప్రెస్సుకు ఎలా అప్పగించారు? ధర తక్కువనా? అది కొంత కారణం. అసలు కారణం మరొకటి. కాగితం మీద సిరా పడక ముందు, పుస్తకం అచ్చుకు సిద్ధమయ్యే దశలో ఆ ప్రెస్సు పడిన శ్రమ.

మక్తబ్‌లో మొదలైన చదువు

నవల్ కిషోర్ 1836 జనవరి 3న పుట్టారు. తండ్రి మున్షీ జమునా ప్రసాద్ భార్గవ అలీగఢ్ జిల్లాలో జమీందారు. ఆ రోజుల్లో ఉత్తరాదిన కొలువు చేసే కుటుంబాల పిల్లలు, హిందువులైనా ముస్లింలైనా, ఫార్సీ చదవాల్సిందే. నవల్ కిషోర్‌ను ఆరేళ్ల వయసులో మక్తబ్‌లో వేశారు. అరబీ, ఫార్సీ అక్కడే వచ్చాయి. తర్వాత ఆగ్రా కాలేజీలో చేరారు గానీ చదువు పూర్తి చేయలేదు. మనసు పత్రికల మీదికి పోయింది. సఫీర్-ఎ-ఆగ్రా అనే వారపత్రిక నడిపి చూశారు. అది ఎక్కువ కాలం నిలవలేదు.

అక్కడి నుంచి లాహోర్ వెళ్లి మున్షీ హర్‌సుఖ్ రాయ్ నడుపుతున్న కోహినూర్ ప్రెస్సులో చేరారు. కోహినూర్ 1850లో మొదలైన ఉర్దూ వారపత్రిక, పంజాబ్‌లో మంచి పేరున్నది. ఆ కొలువే ఆయనకు అసలు కాలేజీ అయింది. వార్త రాయడం ఒక్కటే కాదు, కాతిబ్ పక్కన కూర్చుని పేజీ ఎలా తయారవుతుందో, రాతి మీదికి అక్షరం ఎలా ఎక్కుతుందో, కాగితం ఖర్చు ఎక్కడ పెరుగుతుందో అన్నీ అక్కడ తెలిశాయి.

1857 తిరుగుబాటుతో దేశం తలకిందులైంది. లక్నో మీద ఇంగ్లీషువాళ్లు 1858 మార్చిలో మళ్లీ పట్టు సాధించారు. నవాబీ పోయింది, దర్బారులు మూతపడ్డాయి, కాతిబ్‌లకూ కవులకూ పండితులకూ ఆధారం లేకుండా పోయింది. పుస్తకాల సంగతి మరీ ఘోరం. లూటీల్లో, కూల్చివేతల్లో కుతుబ్‌ఖానాలు చెల్లాచెదురయ్యాయి. ఒక్క ప్రతి మాత్రమే ఉన్న చేతిరాత గ్రంథం కాలిపోతే మళ్లీ దొరకదు. అలాంటి ఊరికి వచ్చి, 1858 నవంబర్ 23న నవల్ కిషోర్ తన ప్రెస్సు తెరిచారు. పనిలేక కూర్చున్న మంచి చేతులు ఆ ఊరినిండా ఉన్నాయి. ఆయన చూసింది అదే.

సీసం అక్షరాలు ఎందుకు వద్దన్నారు

ఇంగ్లీషు పుస్తకాలు అప్పటికే సీసపు అక్షరాలు పేర్చి అచ్చు వేస్తున్నారు. తెలుగులో కూడా అంతే. ఉర్దూకు మాత్రం ఆ పద్ధతి సరిపడలేదు. ఉర్దూ, ఫార్సీ రాసే నస్తలీఖ్ లిపిలో అక్షరం సరళరేఖ మీద నిలబడదు. పదం కుడివైపు పైనుంచి మొదలై ఎడమవైపు కిందికి జారుతుంది. ఒకే అక్షరం పక్కనున్న అక్షరాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది. చుక్కలు ఎక్కడ పడాలో చోటును బట్టి నిర్ణయించాలి. దీన్ని విడి ముక్కలుగా పోతపోయాలంటే వందల అచ్చులు కావాలి. పోసినా పేజీ మొరటుగా కనిపించేది. కలంతో రాసిన అందానికి అలవాటుపడ్డ కళ్లు దాన్ని ఒప్పుకోలేదు.

దీనికి దారి చూపించింది రాతి అచ్చు, అదే లితో. జర్మనీలో అలోయిస్ సెనెఫెల్డర్ 18వ శతాబ్దం చివర్లో దీన్ని కనిపెట్టాడు. నూనె, నీరు కలవవు అన్న చిన్న సంగతి మీదే అంతా నడుస్తుంది. నున్నగా అరగదీసిన సున్నపురాయి మీద జిడ్డు సిరాతో రాస్తే ఆ రాత రాయికి పట్టుకుంటుంది. తర్వాత రాయిని తడిపి, మీద సిరా రోలర్ నడిపిస్తే, తడి ఉన్నచోట సిరా అంటదు. జిడ్డు ఉన్నచోటే అంటుతుంది. దాని మీద కాగితం వేసి నొక్కితే చాలు. కాతిబ్ చేతిరాత ఎలా ఉందో పేజీ అలాగే వస్తుంది. సీసం అచ్చులు అక్కర్లేదు. 1830 ప్రాంతానికే ఈ రాతి అచ్చు కాన్పూర్, లక్నోలకు చేరింది. నవల్ కిషోర్ కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. ఉన్న పనిని ఒక క్రమంలో పెట్టి, పెద్ద ఎత్తున చేసి చూపించారు.

కాపీ తయారీ

ఇక్కడే అసలు కథ ఉంది. అచ్చుకు ఇచ్చే రాతప్రతిని ప్రెస్సువాళ్లు కాపీ అనేవారు. కాపీ బాగుంటే పుస్తకం బాగుంటుంది. కాపీలో తప్పు ఉంటే ఎన్ని వందల ప్రతులు తీస్తే అన్ని వందల తప్పులు.

ముందు కాగితం సిద్ధం చేయాలి. మామూలు కాగితం పనికిరాదు. పిండి గంజి లాంటి పూత పూసి, ఆరబెట్టిన పసుపు రంగు కాగితం కావాలి. సిరా ఆ పూత మీదే నిలవాలి, కాగితంలోకి ఇంకకూడదు. మైనం, కొవ్వు, సబ్బు, దీపపు మసి వంటివి కాచి సిరా తయారుచేసేవారు. పలచనైతే గీత విరుగుతుంది, చిక్కనైతే కలం కదలదు. ఇక గీతలు. పెన్సిలుతో గీస్తే ఆ మరక రాయి మీద పడే ప్రమాదం ఉంది. అందుకని అట్టకు సమాన దూరంలో దారాలు బిగించిన మిస్తర్ అనే పలక వాడేవారు. దాని మీద కాగితం పెట్టి వేలితో రుద్దితే గీతల ఆనవాళ్లు పడతాయి, రంగు మాత్రం పడదు.

తర్వాత కాతిబ్ వంతు. నేల మీద కూర్చుని, ఒక మోకాలు పైకెత్తి, దాని మీద పలక ఆనించుకుని రెల్లు కలంతో రాసేవాడు. పేజీకి ఎన్ని వరుసలు, మూలం ఎంత లావు, పక్కన వ్యాఖ్యానం ఎంత సన్నం, కుట్టు పడే వైపు ఎంత ఖాళీ, ఇవన్నీ ముందే లెక్క కట్టుకోవాలి. లెక్క తప్పితే కుట్టులో అక్షరాలు మునిగిపోతాయి, లేదా బైండరు అంచు కోసేటప్పుడు తెగిపోతాయి. పేజీ అడుగున తర్వాతి పేజీలోని మొదటి పదం రాసి ఉంచేవారు. పేజీలు తారుమారు కాకుండా బైండరుకు అదే గుర్తు. అరచెయ్యి కాగితానికి తగలకూడదు. వేలి జిడ్డు కూడా రాయి మీద మచ్చగా పడుతుంది.

రాసిన కాపీ నేరుగా రాయి దగ్గరికి పోదు. ముసహ్హిహ్ దగ్గరికి పోతుంది. అంటే దిద్దేవాడు. ఆయన మామూలు గుమాస్తా కాదు, అరబీ, ఫార్సీ చదువుకున్న పండితుడు. మూలంతో అక్షరం అక్షరం పోల్చి, తప్పులు గుర్తుపెట్టి వెనక్కి పంపుతాడు. కాతిబ్ దిద్దుతాడు.

అప్పుడు కాపీని కాస్త తడి చేసి, రాసిన వైపు కిందికి ఉండేలా రాయి మీద పరిచి, మరలో నొక్కుతారు. కాగితాన్ని తడిపి మెల్లగా లాగేస్తే అక్షరాలు రాయి మీద ఉండిపోతాయి, అద్దంలో కనిపించినట్టు తిరగబడి. బంక, కొద్దిపాటి ఆమ్లం పూస్తే అవి స్థిరపడతాయి. రాయికి ఎక్కేటప్పుడు కొన్ని చుక్కలు రాలిపోతాయి, కొన్ని గీతలు విరుగుతాయి. వాటిని బాగుచేసేవాడు సంగ్‌సాజ్. రాయి మీద తప్పును గీకేసి, సరైన అక్షరాన్ని ఎడమ నుంచి కుడికి, తలకిందులు చేసినట్టుగా రాయాలి. నస్తలీఖ్‌ను సూటిగా రాయడమే ఏళ్ల సాధన. దాన్ని తిప్పి రాసేవాళ్ల నైపుణ్యం ఎంతో ఊహించుకోవచ్చు. ఈ విద్యకు లక్నో పెట్టింది పేరు.

ఒక సంగతి మరిచిపోకూడదు. కాపీ రాయికి ఎక్కాక ఆ కాగితం ఇక పనికిరాదు. అచ్చు అయ్యాక రాయిని ఇసుకతో అరగదీసి మరో పేజీకి వాడతారు. రెండో ముద్రణ కావాలంటే మళ్లీ కాతిబ్ మొదటి నుంచి రాయాలి, ముసహ్హిహ్ మళ్లీ మొదటి నుంచి చదవాలి. ప్రతి కొత్త ముద్రణా కొత్త తప్పులకు తలుపు తెరిచినట్టే.

గాలిబ్ పడిన బాధ

ఈ దశలో ఏమారితే ఏమవుతుందో మీర్జా గాలిబ్‌కు బాగా అనుభవం. ఆయన ఉర్దూ దీవాన్ 1861లో ఢిల్లీలోని ఒక ప్రెస్సు నుంచి తప్పులతడకగా వచ్చింది. తాను గుర్తుపెట్టిన దిద్దుబాట్లు కూడా జరగలేదని ఉత్తరాల్లో వాపోయారు. చివరికి ఒక ప్రతిని తానే దిద్ది పంపితే, 1862లో కాన్పూర్‌లోని మత్బా నిజామీ దాన్ని మళ్లీ వేసింది. అంత పెద్ద కవి మాట కూడా కాపీ దశలో దిద్దకపోతే నిలవలేదన్నమాట.

అలాంటి గాలిబ్ నవల్ కిషోర్‌ను నమ్మారు. ఫార్సీ నిఘంటువు మీద ఆయన రాసిన వివాదాస్పద విమర్శ ఖాతే-ఎ-బుర్హాన్ 1862లో లక్నోలో నవల్ కిషోర్ ప్రెస్సు నుంచే వచ్చింది. మరుసటి ఏడాది ఆయన ఫార్సీ కవిత్వపు కుల్లియాత్ కూడా ఇక్కడి నుంచే వెలువడింది. ఇద్దరూ ఢిల్లీలో కలుసుకున్నారు కూడా.

ఖుర్ఆన్ ముద్రణ

కవిత్వంలో ఒక చుక్క జారితే భావం మారుతుంది. ఖుర్ఆన్‌లో ఒక జబర్, ఒక జేర్ మారితే చిన్న తప్పుగా ఎవరూ చూడరు. అందుకే ఈ పనికి ఎవరు ముందుకొచ్చినా ముస్లిం సమాజం అనుమానంగానే చూసేది, అందులోనూ ముస్లిం కాని ప్రెస్సును. నవల్ కిషోర్ ఆ అనుమానాన్ని మాటలతో తీర్చలేదు. దిద్దే పనికి ఆలిములను పెట్టుకున్నారు. ఈ పని చేసేవాళ్లు వుజూతో కూర్చునేవారని, పాడైన కాగితాలను, రాయి కడిగిన నీళ్లను కూడా ఎక్కడపడితే అక్కడ పారేయనిచ్చేవారు కాదని లక్నోలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఫలితం కళ్ల ముందు కనిపించింది. అంతకుముందు చేతిరాత ముస్‌హఫ్ కొనడం కలవారికే సాధ్యం. నవల్ కిషోర్ ముద్రణలు రకరకాల సైజుల్లో, రకరకాల ధరల్లో వచ్చాయి. కూలీనాలీ చేసుకునే కుటుంబం కూడా ఇంట్లో ఒక ఖుర్ఆన్ పెట్టుకోగలిగింది. తఫ్సీర్లు, హదీస్ గ్రంథాలు, ఫిఖ్హ్ పుస్తకాలు వరుసగా వచ్చాయి. ఫతావా-ఎ-ఆలంగీరీకి మౌలానా సయ్యద్ అమీర్ అలీ చేసిన ఉర్దూ అనువాదం ఈ ప్రెస్సుదే. అదే ప్రెస్సు తులసీదాస్ రామాయణాన్ని, సంస్కృత గ్రంథాలను కూడా అంతే శ్రద్ధగా వేసింది. ఒకే కప్పు కింద మౌల్వీలు, పండిత్‌లు పక్కపక్కనే కూర్చుని ప్రూఫులు దిద్దిన చోటు అది.

పత్రిక, దాస్తాన్, హైదరాబాద్

ప్రెస్సుతో పాటే మొదలైన అవధ్ అఖ్బార్ వారపత్రికగా పుట్టి, క్రమంగా దినపత్రిక అయింది. 1878లో దానికి సంపాదకుడిగా వచ్చిన పండిత్ రతన్‌నాథ్ సర్షార్ అందులోనే ఫసానా-ఎ-ఆజాద్ ధారావాహికగా రాశారు. పాఠకులు తరువాయి భాగం కోసం ఎదురుచూసేవారు. యువకుడిగా అబ్దుల్ హలీం షరర్ కూడా ఈ పత్రికలో పనిచేశారు. తర్వాతి కాలంలో ఈ ఇద్దరూ దక్కన్‌కు వచ్చారు. షరర్ నిజాం రాజ్యంలో కొలువు చేశారు. సర్షార్ 1895లో హైదరాబాద్ చేరి, మహారాజా కిషన్ పర్షాద్ ఆదరణలో ఉండి, ఇక్కడే కన్నుమూశారు. అవధ్ అఖ్బార్‌లో నలిగిన కలాలు అలా హైదరాబాద్ ఉర్దూకు కూడా దక్కాయి.

చౌక్‌లో రాత్రిళ్లు చెప్పుకునే కథలను కూడా నవల్ కిషోర్ వదల్లేదు. ముహమ్మద్ హుసేన్ జాహ్, అహ్మద్ హుసేన్ ఖమర్ వంటి దాస్తాన్‌గోల చేత దాస్తాన్-ఎ-అమీర్ హమ్జాను రాయించారు. అందులో తిలిస్మ్-ఎ-హోష్‌రుబా మొదటి సంపుటం 1883లో వచ్చింది. ఆయన పోయాక కూడా కొనసాగి మొత్తం 46 సంపుటాలయింది. నోటి మాటగా గాలిలో కలిసిపోవాల్సిన విద్య కాగితం మీద నిలిచింది. కాగితం కొరత ఎప్పుడూ తలనొప్పే. అందుకని 1879లో లక్నోలో అప్పర్ ఇండియా కూపర్ పేపర్ మిల్లు స్థాపనలో ఆయన ముందు నిలిచారు.

పొగడ్తలే కాదు

ఆయన మీద విమర్శలు లేకపోలేదు. ప్రెస్సు బతికింది చాలావరకు సర్కారు పనితో. కచేరీ ఫారాలు, స్కూలు పుస్తకాలు, ఉర్దూలోకి వచ్చిన శిక్షాస్మృతి వంటివి అచ్చు వేసి సంపాదించిన డబ్బే పెద్ద గ్రంథాలకు పెట్టుబడి. దాంతో అవధ్ అఖ్బార్ ఇంగ్లీషు ప్రభుత్వాన్ని గట్టిగా ప్రశ్నించదన్న మాట వచ్చింది. 1877లో మున్షీ సజ్జాద్ హుసేన్ మొదలుపెట్టిన అవధ్ పంచ్ ఈ పత్రికను, సర్షార్‌ను వారం వారం ఎగతాళి చేసేది.

పుస్తకాలన్నీ ఒకే నాణ్యతతో వచ్చాయనీ చెప్పలేం. ధర తగ్గించాలంటే కాగితం పలచన చేయాలి, పేజీలో వరుసలు ఇరికించాలి, వ్యాఖ్యానాన్ని అంచు చుట్టూ తిప్పి తిప్పి రాయించాలి. అలాంటి ప్రతులు చదవడానికి కళ్లు నొప్పిపుడతాయి. అయితే ఖరీదైన అందమైన పుస్తకం పది మందికి, సాదా పుస్తకం వెయ్యి మందికి అనుకున్నప్పుడు ఆయన తరచూ వెయ్యి మందివైపే మొగ్గారు. దిద్దుబాటు ఖర్చును మాత్రం వదులుకోలేదు. మంచి కాతిబ్‌లకు, పండితులకు ఆ ప్రెస్సులో పని దొరుకుతూనే ఉంది. దర్బారులు పోయిన కాలంలో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది దానివల్లే.

1895 ఫిబ్రవరి 19న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు. అప్పటికి ప్రెస్సు వేల పుస్తకాలు వేసింది. వారసుడు ప్రాగ్ నారాయణ్ దాన్ని కొనసాగించారు. తరువాతి తరాల్లో అది పంపకాలకు లోనైంది. 1970లో భారత ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది.

రాయి పోయింది, పని మిగిలింది

రాతి అచ్చు పోయి ఆఫ్‌సెట్ వచ్చినా ఉర్దూకు కాతిబ్ తప్పలేదు. హైదరాబాద్ ఉర్దూ దినపత్రికలు కూడా కంప్యూటర్ వచ్చేదాకా చేతిరాతతోనే వెలువడ్డాయి. చెన్నైలో 1927లో మొదలైన ముసల్మాన్ పత్రిక 21వ శతాబ్దంలోకి కూడా కాతిబ్‌లతోనే అడుగుపెట్టింది. 1981 ప్రాంతంలో మీర్జా అహ్మద్ జమీల్ చేతిరాత నుంచి నూరీ నస్తలీఖ్ తయారైంది. నవల్ కిషోర్ కాలంలో సీసానికి లొంగని లిపి, వేలకొద్దీ అక్షర కూర్పులుగా కంప్యూటర్‌లోకి ఎక్కింది. 1990లలో ఇన్‌పేజ్ వచ్చాక ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డులు అచ్చు వేసే దుకాణాల్లో కూడా కలం పక్కన కీబోర్డు చేరింది.

ఇప్పుడు కాపీ అంటే ఒక పీడీఎఫ్ ఫైలు. అయినా జాగ్రత్తలు దాదాపు అవే. ఉర్దూ పదాలను ఫాంటుగానే వదిలేస్తే ప్రెస్సువాళ్ల కంప్యూటర్‌లో అది లేనప్పుడు అక్షరాలు విడివిడిగా చెదిరిపోతాయి. అందుకే వాటిని అవుట్‌లైన్లుగా మార్చి పంపాలి. రంగులు తెర మీద కనిపించే ఆర్‌జీబీలో కాకుండా అచ్చుకు పనికొచ్చే సీఎంవైకేలో ఉండాలి. ఫొటోలు అచ్చయ్యే సైజులో 300 డీపీఐకి తగ్గకూడదు. అంచు దాకా రంగు ఉంటే నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా వదలాలి, లేకపోతే కత్తిరింపులో తెల్లగీత కనబడుతుంది. కుట్టు వైపు, అంచుల వైపు అక్షరాలను లోపలికి జరపాలి. లక్నో కాతిబ్ మిస్తర్ మీద వేసుకున్న లెక్కే ఇది.

ముసహ్హిహ్ మాత్రం ఏ దుకాణంలోనూ జీతానికి లేడు. డిజైన్ చేసే కుర్రాడికి ఉర్దూ రాకపోవచ్చు, అరబీ అసలే రాకపోవచ్చు. కార్డు మీద బిస్మిల్లాహ్‌లో ఒక అక్షరం తప్పిపోయినా, దావత్‌నామాలో పెద్దల పేరు మారిపోయినా అతనికి తెలియదు. ఫైలు ఓకే చేసే ముందు దాన్ని ఒకసారి కాగితం మీద ప్రింటు తీయించి, ఇంట్లో ఉర్దూ బాగా చదవగల దాదా చేతికో, నానీ చేతికో, మసీదు ఇమాం సాబ్ చేతికో ఇచ్చి అక్షరం అక్షరం చదివించాలి. తప్పు దొరికితే దిద్దించి, మళ్లీ ప్రింటు తీయించి, మళ్లీ చదివించాలి. నవల్ కిషోర్ ప్రెస్సులో కాపీ రాయి మీదికి ఎక్కే ముందు జరిగిన పని అదే.